మాలులో నీళ్లు ఎంత పోయాలి? గోరుతో గీకితే గోడ సందులు రాలిపోతున్నాయి

మలికిపురం_శీను
మలికిపురం దగ్గర మా ఊళ్లో ఇల్లు కడుతున్నాను. పిల్లర్లు, స్లాబ్ అయ్యాయి. కింద గోడలు లేచాయి. ఇప్పుడు రెండు తలనొప్పులు వచ్చిపడ్డాయి.

గోడకి మాలు (సిమెంట్, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) కలిపేటప్పుడు "సిమెంట్ బస్తాకి నీళ్లు పాతిక లీటర్లు దాటితే బలం పోతుంది" అని మా బంధువు ఒకాయన చెప్పాడు. నేను దగ్గరుండి మరీ పాతికతో ఆపించాను. మేస్త్రి గారు "బాబూ, మాలు పొడిపొడిగా ఉంది, ఇటుక్కి అంటుకోదు" అని రెండుసార్లు అన్నారు. వినలేదు. ఇప్పుడు హాలు గోడ సందుల్లో గోరు పెట్టి గీకితే ఇసుక రాలుతోంది. నిన్న ఎలక్ట్రీషియన్ పైపు కోసం గాడి కొడుతుంటే ఒక ఇటుక చేతికి ఊడొచ్చింది. తిరగేసి చూస్తే అడుగున మాలు మచ్చ కూడా లేదు, కడిగిన కంచంలా ఉంది.

ఆ భయంతో ప్లాస్టింగ్ రోజున "మీకు ఎంత కావాలంటే అంత పోసుకోండి" అని వదిలేశాను. అది వేరే ముఠా. జారుగా కలిపి కొట్టారు. మూడో రోజుకే పడమటి గోడ ఎండిన చేపల చెరువు అడుగులా నెర్రెలిచ్చింది.

తక్కువైతే అలా, ఎక్కువైతే ఇలా. అసలు లెక్క ఎంత? ఇంకా మూడు గదుల ప్లాస్టింగ్, పై అంతస్తు గోడలు మిగిలి ఉన్నాయి. అమ్మ రోజూ సాయంత్రం ఆ గోడ దగ్గరికెళ్లి చేత్తో తడిమి వస్తోంది. నాకు నిద్ర పట్టడం లేదు.

భీమవరం_సివిల్
పాతిక లీటర్ల లెక్క కాంక్రీటుది. బస్తా 50 కిలోలు, నీళ్లు అందులో సగం. స్లాబ్‌కి, పిల్లర్‌కి అది సరే. గోడ మాలుకి అది పనికిరాదు. ఒకటికి ఆరు కలిపితే బస్తాకి ఆరింతలు ఇసుక ఉంటుంది, ఆ ఇసుక రేణువులన్నీ తడవాలి. పైగా కాంక్రీటు చుట్టూ రేకో ప్లైవుడ్డో ఉంటుంది, అవి నీళ్లు తాగవు. మాలు కూర్చునేది ఇటుక మీద. ఇటుక తాగుతుంది. మీ మేస్త్రి గారు చెప్పింది నిజం.

రావులపాలెం_రవి
అంకె చెప్పండి సార్. మాకు కావాల్సింది అంకే.

భీమవరం_సివిల్
నా సైట్లలో ఒకటికి ఆరు మాలుకి ఎండు ఇసుకైతే బస్తాకి 40 నుంచి 45 లీటర్ల దాకా పట్టింది. ఏట్లో ఇసుక తీసే ర్యాంపు నుంచి నేరుగా వచ్చిన తడి ఇసుకైతే 30 లోపే సరిపోయిన రోజులున్నాయి. అందుకే ఒక్క అంకె ఇవ్వడానికి భయం. శీను గారి బంధువు ఇచ్చినట్టే అవుతుంది.

తాపీ_ముప్పై_ఏళ్లు
నేను తాపీ పట్టి ముప్పై ఏళ్లు దాటింది. రాజోలు, అమలాపురం, ముమ్మిడివరం అంతా తిరిగాను. లీటర్లు ఎప్పుడూ కొలవలేదు. అయినా నా గోడ రాలింది లేదు. ఎలా చూస్తానో చెప్తా వినండి.

కలిపిన మాలుని గుప్పిట్లోకి తీసుకుని నొక్కుతాను. వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారకూడదు. గుప్పిట విప్పితే ఉండ విడిపోకూడదు, వేళ్ల అచ్చు దాని మీద ఉండాలి. అరచేయి తడిగా మెరవాలి. తర్వాత కుప్పని తాపీతో అడ్డంగా కోస్తాను. కోసిన అంచు నిలబడితే సరిపోయింది. అంచు కూలి మళ్లీ కలిసిపోతే నీళ్లు ఎక్కువ. అంచు చిట్లి పలుకులు రాలితే తక్కువ.

గోడ మీద పరిచి ఇటుక పెట్టాక అదుముతాను. మాలు రెండు వైపులా కొంచెం పొంగాలి. పెట్టిన ఇటుకని వెంటనే పైకి లేపి చూడండి. అడుగున మాలు అంతటా పట్టుకుని ఉండాలి. శీను బాబు చూసిన కడిగిన కంచం ఉందే, అది నాకూ ఒకసారి కనబడింది. అప్పుడు నీళ్ల తప్పు కాదు, ఇటుక తప్పు. పొద్దున వచ్చిన లోడు నానబెట్టకుండా ఎక్కించేశారు.

ఇటుక నానబెట్టకుండా మాలులో ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు. పోసిందంతా ఇటుకే తాగేస్తుంది, సిమెంట్‌కి ఏమీ మిగలదు.

మలికిపురం_శీను
మేస్త్రి గారూ, మావి కూడా నానబెట్టలేదు. ట్రాక్టర్ దింపిన చోటు నుంచి మోసి కట్టేశారు. పైన పైపుతో నాలుగు చుక్కలు చల్లారు, అంతే.

తాపీ_ముప్పై_ఏళ్లు
అదే జరిగింది బాబూ. ఎండిన ఇటుక, పొడి మాలు. రెండూ కలిశాయి.

భీమవరం_సివిల్
ఇక్కడ మేస్త్రి గారితో నూటికి నూరు ఏకీభవిస్తాను. మట్టి ఇటుక తన బరువులో ఐదో వంతు దాకా నీళ్లు పీల్చుకోవచ్చని ఐఎస్ 1077 (ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం) చెబుతుంది, మామూలు రకాలకి 20 శాతం పరిమితి. 3 కిలోల ఇటుక అరలీటరు పైనే తాగగలదు. పూర్తిగా ఎండిన ఇటుకని మాలు మీద పెడితే నిమిషాల్లో కింద పొర ఎండిపోతుంది. సిమెంట్ గట్టిపడటానికి నీళ్లు కావాలి. అవి లేకపోతే మిగిలేది ఇసుకే.

తొట్లో వేసి బుడగలు ఆగేదాకా ఉంచండి. బయటికి తీశాక పైతడి ఆరనివ్వండి. నీళ్లు కారుతున్న ఇటుక పెడితే మాలు మీద తేలి జారుతుంది. వరస వంకర పోతుంది.

పాలకొల్లు_పద్మ
లీటర్లు కొలవనవసరం లేదన్న మాట నేను ఒప్పుకోను మేస్త్రి గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెప్తున్నాను. మీ చెయ్యి మంచిదే. కానీ మాలు కలిపేది మీరు కాదు కదా. కింద మాలు కలిపే అమ్మాయికి పైనుంచి "నీళ్లు!" అని కేక పడుతుంది, ఆమె చెంబుతో పోస్తుంది. మళ్లీ కేక, మళ్లీ చెంబు. మా ఇంటి దగ్గర రెండు రోజులు చూసి, పెయింట్ బకెట్ మీద ఐదేసి లీటర్లకి ఎర్ర గీతలు గీశాను. పొద్దున మొదటి కలుపు మేస్త్రి గారితోనే సరి చేయించాను. ఎన్ని గీతలు పట్టాయో చూసుకున్నాం. సాయంత్రం దాకా అదే కొలత. ఆయనే మర్నాడు "బకెట్ ఎక్కడమ్మా" అని అడిగారు.

తాపీ_ముప్పై_ఏళ్లు
అమ్మా, అలా అయితే నాకూ సమ్మతమే. మొదటి కలుపు చేత్తో, మిగతావి గీతతో. బాగుంది.

రావులపాలెం_రవి
పద్మక్కా, గీతలు మా మేస్త్రి గారికి చూపిస్తే నన్ను ఏటిగట్టు దాటిస్తాడు 😀

పాలకొల్లు_పద్మ
టీ, రెండు పూతరేకులు చేతిలో పెట్టి చూపించు తమ్ముడూ, ఏమీ అనరు.

గట్టుమీద_గోపి
అందరూ ఇసుక సంగతి వదిలేశారు. తడి ఇసుక ఉబ్బుతుంది. మా అన్నయ్య ఇంటి దగ్గర గాజు సీసాతో చూశాం. తడి ఇసుక అదమకుండా 20 సెంటీమీటర్ల ఎత్తు పోశాం. నీళ్లు పోసి కలిపి వదిలితే 16కి దిగింది. అంటే పాతిక శాతం ఉబ్బు. ఆరు పెట్టెలు వేశామనుకుంటాం, నిజానికి లోపలున్న ఇసుక ఐదు పెట్టెలు కూడా కాదు.

భీమవరం_సివిల్
మంచి మాట గోపీ. లెక్క వేసి చూపిస్తా. బస్తా సిమెంట్ 35 లీటర్లు. కొలత పెట్టె 40 సెంటీమీటర్లు, 35, 25 కొలతలతో చేయిస్తే సరిగ్గా బస్తా పడుతుంది. ఆరు పెట్టెల తడి ఇసుక 210 లీటర్లు. ఉబ్బు తీసేస్తే 168. బరువు 270 కిలోల చుట్టుపక్కల. అందులో ఐదు శాతం తడి ఉంటే దాదాపు 13 లీటర్ల నీళ్లు ముందే వచ్చేశాయి. మన బకెట్ ముట్టుకోకముందే! వాన పడిన మర్నాడు కలిపిన మాలు ఎందుకు జారిపోతుందో తెలిసిందా?

ఉబ్బిన ఇసుకైతే ఆరుకి ఏడున్నర పెట్టెలు వేయాలి. అప్పుడు ఆ నీళ్లు ఇంకా పెరుగుతాయి. ఇసుక మీద టార్పాలిన్ కప్పి ఉంచండి, రోజూ ఒకేలా ఉంటుంది.

కువైట్_నుంచి_మూర్తి
నేను ఇక్కడి నుంచి వీడియో కాల్‌లో ఇల్లు కట్టిస్తున్నాను. చేత్తో పట్టి చూడలేను. నాకేదైనా గుర్తు చెప్పండి.

పాలకొల్లు_పద్మ
మీ ఇంట్లో వాళ్లని రోజుకో ఇటుక లేపించి అడుగు చూపించమనండి. ఫోన్‌లో అది చక్కగా కనబడుతుంది. మాలు సగం కూడా పట్టకపోతే పని ఆపించండి.

కువైట్_నుంచి_మూర్తి
రేపటి నుంచి అదే చేయిస్తా. థాంక్స్ అక్కా.

అంతర్వేది_అలలు
మా వైపు నీళ్ల కొలత కంటే నీళ్ల రుచి పెద్ద సమస్య. సఖినేటిపల్లి, అంతర్వేది పల్లిపాలెం దాకా బోరు వేస్తే ఉప్పు నీళ్లే ఎక్కువ. మా నాన్నగారు ఆ నీళ్లతోనే కలిపించి, ఆ నీళ్లే కొట్టించారు. రెండో వేసవికి గోడ అడుగున మోకాలి ఎత్తు దాకా తెల్లగా ఉప్పు తేలింది. చీపురుతో దులిపితే మళ్లీ వారానికి వచ్చేది. తర్వాత రంగు పొక్కింది, పెచ్చులు ఊడాయి. ఇప్పుడు ఆ గది వాడటం లేదు. ఆ గోడ చూస్తే ఇప్పటికీ బాధే, అది ఆయన కష్టార్జితం.

శీను గారూ, మీది మలికిపురం కదా, మీ బోరు నీళ్లు నాలుక మీద వేసి చూశారా?

మలికిపురం_శీను
కొంచెం ఉప్పగానే ఉంటాయి. తాగడానికి డబ్బా నీళ్లు కొంటాం. కట్టుబడికి బోరు నీళ్లే వాడాం.

భీమవరం_సివిల్
అయితే పరీక్ష చేయించండి, ఆలస్యం వద్దు. ఐఎస్ 456 ప్రకారం ఇనుము లేని కాంక్రీటుకి నీళ్లలో క్లోరైడ్ లీటరుకి 2000 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇనుము ఉన్నదానికి 500. పీహెచ్ 6 కంటే తగ్గకూడదు. గోడ మాలులో ఇనుము లేకపోయినా ఉప్పు గాలిలో తేమని పట్టుకుంటుంది, గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. లింటెల్, సన్‌షేడ్, స్లాబ్ ఆ నీళ్లతోనే అయితే ఇనుము తుప్పు పట్టే ప్రమాదం ఉంది. పై అంతస్తు స్లాబ్‌కి మాత్రం మంచినీళ్ల ట్యాంకర్ తెప్పించండి. ఖర్చు గురించి ఆలోచించకండి.

తాపీ_ముప్పై_ఏళ్లు
కాలువ నీళ్లు ఉన్నన్నాళ్లూ మాకు ఆ బెంగ లేదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే అందరూ బోరు మీద పడతారు. చేపల చెరువు నీళ్లు మాత్రం ఎవరు ఇచ్చినా వద్దు. అందులో ఏం కలుపుతారో మనకి తెలీదు.

గట్టుమీద_గోపి
గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు కాలువ నీళ్లూ కుదరవు. బకెట్ అడుగున వేలెడు బంకమట్టి దిగుతుంది. ఎర్రనీరు పులస కోసం మంచిది, మాలుకి కాదు.

భీమవరం_సివిల్
తొట్లో ఒక రాత్రి నిలవబెట్టి పైనీళ్లు తీసుకుంటే వాడుకోవచ్చు గోపీ. అడుగు మట్టి కదపకూడదు.

రావులపాలెం_రవి
పులస పేరు ఎత్తావు, ఇక పని ఎవడు చేస్తాడు గోపీ.

తణుకు_సుజాత
మాది ఫ్లైయాష్ ఇటుక. తొట్లో గంట నానబెట్టమని మేస్త్రి గారు అంటున్నారు. నానబెడితే ఇటుక జారిపోతోంది, నాలుగు వరసలు కట్టేసరికి గోడ కదులుతోంది. ఏం చేయాలి?

తాపీ_ముప్పై_ఏళ్లు
దానికి గంట ఎందుకమ్మా. పైపుతో తడిపి వదిలేయండి. మట్టి ఇటుకలా తాగదు. ఇటుక మీద చిన్న గుండ్రం గీసి అందులో పది, ఇరవై చుక్కలు నీళ్లు వేయండి. చూస్తుండగానే ఇంకిపోతే నానబెట్టాల్సిన ఇటుక. చాలాసేపు మెరుస్తూ ఉంటే పైతడి చాలు. ఏ ఇటుకైనా ఇదే.

తణుకు_సుజాత
వేసి చూశాను. రెండు నిమిషాలైనా చుక్క అలాగే ఉంది. రేపటి నుంచి పైపుతోనే.

ముక్కామల_ముసలాయన
మా తాతలనాటి మండువా ఇల్లు సున్నంతో కట్టింది. గానుగలో ఎద్దుతో రోజంతా తిప్పేవారట. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు, అప్పుడూ సున్నమే. సున్నానికి తొందర లేదు. మాలు మర్నాటికి కూడా పనికొచ్చేది. మీ సిమెంట్‌కి ఆ ఓపిక లేదు. ఆ అలవాటే ఇంకా కొందరిలో ఉండిపోయిందని నా అనుమానం. సాయంత్రం మిగిలిన మాలు మీద గోనెపట్టా కప్పి, పొద్దున నీళ్లు పోసి మళ్లీ కలిపేవాళ్లని ఈ కళ్లతో చూశాను.

భీమవరం_సివిల్
పెద్దాయన అసలైన చోట వేలు పెట్టారు. సిమెంట్ మాలులో నీళ్లు పడిన దగ్గర నుంచి రెండు గంటల్లో వాడేయాలి, ఐఎస్ 2250 చెప్పేది అదే. ఆ లోపు ఎండకి ఆరితే కాస్త నీళ్లు చిలకరించి కలుపుకోవచ్చు. గట్టిపడటం మొదలయ్యాక పోసే నీళ్లు బలాన్ని వెనక్కి తేవు. మాలు మెత్తగా కనబడుతుంది, అంతే. దాన్ని గోడకి ఎక్కించకండి.

పాలకొల్లు_పద్మ
అరబస్తా కలుపు పెట్టుకుంటే ఈ గొడవే రాదు. ఇద్దరు మేస్త్రీలుంటే గంటన్నరలో అయిపోతుంది. మధ్యాహ్నం భోజనానికి దిగే ముందు కొత్త కలుపు కలపనివ్వకూడదు.

మలికిపురం_శీను
ప్లాస్టింగ్ నెర్రెల గురించి కూడా చెప్పండి. నెర్రెలు ఇటుక దాకా వెళ్లాయా, పైనేనా అని ఎలా తెలుస్తుంది? మాది నల్లమట్టి నేల, పునాది దిగిందేమో అని అమ్మ భయం.

భీమవరం_సివిల్
పటంలా అన్ని వైపులా అల్లుకున్న సన్న నెర్రెలైతే ప్లాస్టింగ్‌వే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా లేదా ఇటుక సందుల వెంట మెట్లుమెట్లుగా పైకి పోయే పర్రె అయితే పునాది గురించి ఆలోచించాలి. మీది ఏది?

మలికిపురం_శీను
అల్లుకున్నట్టే ఉంది. వెంట్రుక మందం. మెట్లుగా ఏమీ లేదు.

తాపీ_ముప్పై_ఏళ్లు
బాబూ, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. బద్ద లాగి మాలు సమం చేశాక, నునుపుకి చెక్క తిప్పే ముందు గోడ మీద పొడి సిమెంట్ చల్లారా?

మలికిపురం_శీను
చల్లారు. గోడ మీద నీళ్లు తేలి కారుతుంటే ఒకతను గుప్పిళ్లతో సిమెంట్ విసిరాడు. వెంటనే గట్టిపడింది, నున్నగా వచ్చింది. బాగా చేశాడనే అనుకున్నాను.

తాపీ_ముప్పై_ఏళ్లు
అదే నెర్ర. మాలులో నీళ్లు ఎక్కువైతే పైకి తేలతాయి, ఆ తేలినవి లాగడానికి పొడి సిమెంట్ చల్లుతారు. పైన సిమెంట్ ఎక్కువున్న పల్చటి పొర, కింద ఇసుక ఎక్కువున్న పొర. పైపొర ఎక్కువ కుంచించుకుంటుంది, కిందది తక్కువ. చిట్లక ఏం చేస్తుంది? పడమటి గోడ మధ్యాహ్నం ఎండ కూడా తిన్నది. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లు పొడి చల్లితే నేను మాలు దింపించేస్తాను. నీళ్లు తేలితే ఆగాలి. అరగంట కూర్చోవాలి. పొడి చల్లకూడదు.

అంతర్వేది_అలలు
గోడ ముందు రోజు తడపడం కూడా చెప్పండి.

తాపీ_ముప్పై_ఏళ్లు
సాయంత్రం బాగా తడపాలి, పొద్దున ఒకసారి. మాలు కొట్టే వేళకి గోడ ముదురు రంగులో ఉండాలి, నీళ్లు కారకూడదు. సందులు అర అంగుళం లోతు గీకి ఉంచుకుంటే పట్టు వస్తుంది. లోపల గోడకి 12 మిల్లీమీటర్లు చాలు. వంకర గోడని మాలుతో సరిచేద్దామని ఒకేసారి అంగుళం కొడితే జారుతుంది, జారకుండా పొడి చల్లుతారు. అన్నీ ఒకదాన్నొకటి లాక్కొస్తాయి.

భీమవరం_సివిల్
శీను గారూ, ఇప్పుడున్న గోడల సంగతి. మీది పిల్లర్ల ఇల్లు, గోడల మీద స్లాబ్ బరువు పడదు. ఊరట అది. సందులు వేలి మందం గీకి, కడిగి, తడిపి కొత్త మాలు కూరించవచ్చు. చేత్తో కదిలే ఇటుకలు తీసి మళ్లీ కట్టాలి. నెర్రెలిచ్చిన గోడని తాపీ పిడితో కొట్టి చూడండి. డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా ఊడగొట్టాల్సిందే. చప్పుడు గట్టిగా ఉంటే రంగు వేసే ముందు నెర్రెలు పూడ్చుకోవచ్చు. మొదలుపెట్టే ముందు దగ్గర్లోని ఇంజనీర్‌కి గోడ చూపించండి, ఫోటో చూసి నేను తేల్చలేను.

మలికిపురం_శీను
మళ్లీ వచ్చాను, పది రోజులైంది. మొదటి మేస్త్రి గారింటికి వెళ్లి, మీ మాట విననందుకు తప్పు నాదేనని చెప్పాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు, మర్నాడు తాపీ పట్టుకుని వచ్చేశారు. హాలు గోడలో పదిహేను ఇటుకలు ఊడదీశాం. ఇంజనీర్ గారు వచ్చి చూశారు, మిగతావి గీకి కూరితే చాలన్నారు.

పై అంతస్తులో ఒక చిన్న గోడ ముందుగా కట్టాం. ట్యాంకర్ నీళ్లు, తొట్లో నానిన ఇటుక, అరబస్తా కలుపు. మేస్త్రి గారు గుప్పిటతో చూసి ఆపమన్నప్పుడు బకెట్ కొలిస్తే 17 లీటర్లు పట్టింది, ఇసుకలో కొంచెం తడి ఉంది. ఒక ఇటుక లేపి చూశాం. అడుగంతా మాలు పట్టుకుని ఉంది, లేపుతుంటే చప్పుడు కూడా వచ్చింది. ఏడు రోజులు నీళ్లు కొట్టాం. నిన్న బీరువా తాళంచెవితో సందు గీకాను. గీత పడింది, ఇసుక రాలలేదు. అమ్మ చేత కూడా గీకించాను.

పడమటి గోడలో సగం డొల్ల చప్పుడు వచ్చింది. ఊడగొట్టేశాం.

తాపీ_ముప్పై_ఏళ్లు
మంచి పని చేశావు బాబూ. ఆ మేస్త్రి గారిని వదులుకోకు.

పాలకొల్లు_పద్మ
బకెట్ మీద 17 దగ్గర గీత గీశారా?

మలికిపురం_శీను
గీశానక్కా, ఎర్ర రంగుతోనే. రేపు పడమటి గోడ మళ్లీ ప్లాస్టింగ్. ఇవాళ సాయంత్రం నుంచి తడుపుతున్నాం.

తాపీ_ముప్పై_ఏళ్లు
పొద్దున్నే మొదలెట్టండి, ఆ గోడ మీద నీడ ఉండగానే పని అయిపోవాలి. ఎండ తిరిగే వేళకి గోనెపట్టాలు తడిపి సిద్ధంగా ఉంచుకోండి.